నాడి నలభైకి దిగితే...

రోజూ పొద్దున్నే పార్కులో నాలుగు రౌండ్లు కొట్టే పెద్దాయన ఒకరోజు మూడుకే ఆగిపోతాడు. కొన్నాళ్లకు అవి రెండవుతాయి. ఆ తర్వాత గేటు పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చుని పేపరు చదువుకుని ఇంటికొచ్చేస్తాడు. కూరగాయల సంచీతో మొదటి అంతస్తు ఎక్కాలంటే మధ్యలో ఒకచోట గోడకు చెయ్యి ఆనించి నిలబడాల్సిందే. 'ఏంటి నాన్నా, అలా అయిపోతున్నావ్' అంటే 'డెబ్భై దాటాయిరా, ఇంకా పరిగెత్తమంటావా' అని నవ్వేస్తాడు. ఇంట్లోవాళ్లూ నవ్వేస్తారు. అదే ఇంట్లో అమ్మకైతే ఆ మాత్రం చెప్పడం కూడా ఉండదు. 'కాస్త నీరసంగా ఉంది' అంటుంది, పొయ్యి దగ్గర స్టూలు వేసుకుని వంట కానిచ్చేస్తుంది. ఎప్పుడో బాత్రూములో దబ్బున పడితేగానీ ఎవరికీ అనుమానం రాదు. అప్పుడైనా అది గుండె మీదికి పోదు... బీపీ మీదికో, షుగరు మీదికో, తడిసిన టైల్స్ మీదికో పోతుంది.

గుండెజబ్బు అనగానే అందరికీ గుర్తొచ్చేది ఛాతీనొప్పి, చెమటలు, ఎడమచెయ్యి లాగడం. అది రక్తనాళాల గొడవ. గుండెకు ఇంకో గొడవ కూడా ఉంది... కరెంటు గొడవ. దానికి చాలాసార్లు నొప్పి ఉండదు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, కాకపోతే నెమ్మదిగా. మనిషీ తిరుగుతూనే ఉంటాడు, కాకపోతే నెమ్మదిగా. ఆ రెండు నెమ్మదులకూ సంబంధం ఉందా లేదా అన్నది తేల్చడంలోనే ఉంది చిక్కంతా. పేస్‌మేకర్ పెట్టించుకోవాలా వద్దా అన్న ప్రశ్నకు సమాధానం కూడా చాలావరకు అక్కడే దొరుకుతుంది.

చెరువూ... తూమూ!

గుండె కొట్టుకోవడానికి మెదడు నుంచి ఆజ్ఞలు రానక్కర్లేదు. కుడివైపు పై గదిలో ఓ చిన్న కణాల గుంపు ఉంది. దాన్ని సైనస్ నోడ్ అంటారు. 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అనే ఇద్దరు దాన్ని గుర్తించారు. అప్పటికి ఫ్లాక్ ఇంకా వైద్యవిద్యార్థే. విద్యుత్ సంకేతం పుట్టేది ఇక్కడే. అది పై గదుల్లోంచి పాకుతూ మధ్యలో ఉన్న ఏవీ నోడ్ దగ్గరికి వస్తుంది. దీన్ని అంతకు ఏడాది ముందే, 1906లో, జర్మనీలో పనిచేస్తున్న సునావో తవారా అనే జపాన్ వైద్యుడు వివరించాడు. సంకేతం అక్కడ క్షణంలో చిన్న భాగం ఆగుతుంది. పై గదులు తమ రక్తాన్ని కింది గదుల్లోకి ఒంపేందుకు ఆ కాస్త వ్యవధి కావాలి మరి. తర్వాత కుడి, ఎడమ తీగల్లా చీలి కిందికి దిగుతుంది. నిమిషానికి 72 చొప్పున లెక్కేస్తే రోజుకు 1,03,680 సార్లు ఈ తంతు జరగాలి. సెలవుల్లేవు, ఆదివారాల్లేవు.

ఇందులో తేడా రెండుచోట్ల రావచ్చు. చెరువులో నీళ్లు తగ్గినా పొలం ఎండుతుంది, చెరువు నిండుగా ఉండీ తూము పూడుకుపోయినా ఎండుతుంది. సైనస్ నోడే అలసిపోయి సంకేతాలు తక్కువగా పంపడం మొదటిరకం. దాన్ని సిక్ సైనస్ అంటారు. సంకేతం సరిగ్గానే పుట్టినా కిందికి దిగే దారిలో ఆగిపోవడం రెండోరకం. అదే హార్ట్ బ్లాక్.

ఈ బ్లాక్ అన్న మాట దగ్గర తెలుగిళ్లలో పెద్ద గందరగోళమే జరుగుతుంటుంది. 'మా బావగారికి మూడు బ్లాకులున్నాయట, స్టెంట్లు వేశారు' అన్న మాట పెళ్లిళ్లలో, పేరంటాల్లో విని విని ఉంటారు కదా... డాక్టరు 'హార్ట్ బ్లాక్ ఉంది' అనగానే అదీ ఇదీ ఒకటే అనుకుంటారు. యాంజియోగ్రామ్ చేయించుకుని, రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయని రిపోర్టు రాగానే 'ఏమీ లేదన్నారు' అని స్వీట్లు పంచుకుంటారు. నీళ్ల పైపు బాగుందంటే కరెంటు వైరు బాగున్నట్టు కాదు. రెండూ వేర్వేరు. ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు, ఒకటే ఉండొచ్చు. రిపోర్టులో 'బ్లాక్' అని కనపడితే అది రక్తనాళానిదా, కరెంటుదా అని అడిగి తెలుసుకోవాల్సిందే.

తూము పూర్తిగా పూడుకుపోతే ఏమవుతుంది? గుండె వెంటనే ఆగిపోదు. కింది గదులు సొంతంగా కొట్టుకోవడం మొదలుపెడతాయి, నిమిషానికి ముప్ఫై నలభై సార్లు. జనరేటర్ మీద ఇల్లు నడిచినట్టు. ఫ్యాను తిరుగుతుంది, ఏసీ నడవదు. కూర్చున్నంతసేపూ బాగానే ఉంటుంది, మెట్లెక్కాలంటే శక్తి చాలదు. పైగా ఈ జనరేటర్ ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం. అయిదారు సెకన్లు అదీ ఆగిందా, మెదడుకు రక్తం అందక మనిషి ఉన్నచోటే కుప్పకూలిపోతాడు. మళ్లీ కొట్టుకోవడం మొదలవగానే, పాలిపోయిన మొహం ఎర్రబారి, లేచి కూర్చుని 'ఏమైంది, ఎందుకిలా చుట్టూ మూగారు' అంటాడు. డబ్లిన్‌కు చెందిన రాబర్ట్ ఆడమ్స్ 1827లో, విలియం స్టోక్స్ 1846లో ఇలాంటివాళ్ల గురించి రాశారు. నాడి నెమ్మదించడం, ఉన్నట్టుండి పడిపోవడం... ఈ రెంటినీ కలిపి చూసినవాళ్లు వాళ్లు. ఇప్పటికీ వాళ్ల పేర్లతోనే ఆ లక్షణాన్ని పిలుస్తున్నారు.

పడిపోయినప్పుడు కొందరికి కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి. అంతే, ఫిట్స్ అనేస్తారు. చేతిలో తాళాల గుత్తి పెట్టేవాళ్లు, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టేవాళ్లు తయారు. ఈలోగా ఎలాగూ గుండె తనంతట తాను తేరుకుంటుంది, ఆ ఘనత కాస్తా తాళాల గుత్తికి పోతుంది! అక్కడితో అయిపోతే ఫర్వాలేదు. గుండె లయ తప్పి పడిపోతున్నవాళ్లు ఏళ్ల తరబడి ఫిట్స్ మాత్రలు మింగుతూ ఉండిపోవడం వైద్యులకు కొత్తేం కాదు. ఫిట్స్ తర్వాత మామూలుగా చాలాసేపు మత్తుగా, అయోమయంగా ఉంటారు. గుండెవల్ల పడినవాళ్లు సాధారణంగా నిమిషంలోపే తేరుకుంటారు. ఇది ఇంట్లో తేల్చుకునే విషయం కాదుగానీ, ఎంతసేపట్లో తేరుకున్నారు, మొహం ఏ రంగులో ఉంది, పడేముందు ఏం చేస్తున్నారు అన్నవి చూసినవాళ్లు డాక్టరుకు చెబితే సగం పని తేలికవుతుంది. పడిపోయిన మనిషికి అవేవీ గుర్తుండవు కాబట్టి, ఆసుపత్రికి వెంట వెళ్లాల్సింది కారు ఉన్నవాళ్లు కాదు... చూసినవాళ్లు!

ఆ మూడో అంకె

బీపీ మిషన్ లేని ఇల్లు ఈ రోజుల్లో అరుదు. దాని తెర మీద మూడు అంకెలు కనిపిస్తాయి. పైది, మధ్యది చదివి, రాసుకుని, మిషన్ మడిచి పెట్టేస్తారు. అడుగున ఉన్న మూడో అంకెను పట్టించుకునేవాళ్లు తక్కువ. అది నాడి. కొన్ని వారాలుగా అది నలభైల్లో ఉంటూ, మనిషి కూడా చతికిలబడుతుంటే అది కాకతాళీయం కాకపోవచ్చు. లయ అస్తవ్యస్తంగా ఉన్నప్పుడు మిషన్ తప్పు చూపించే అవకాశం ఉంది. మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, మూడు వేళ్లు ఆనించి గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టుకుంటే మంచిది. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే మధ్యలో తప్పిపోయిన దెబ్బలు తెలియవు.

అలాగని అంకె చూసి హడలిపోనూ కూడదు. పుస్తకాల్లో అరవై లోపుంటే నెమ్మది అని రాస్తారు. 2018 నాటి అమెరికన్ హృద్రోగ నిపుణుల మార్గదర్శకాలు యాభైని గీతగా తీసుకున్నాయి. కానీ క్రీడాకారుల్లో, రోజూ కష్టపడి పనిచేసేవాళ్లలో కొందరికి మామూలుగానే నలభైల్లో ఉంటుంది. నిద్రలో చాలామందికి అక్కడికే దిగుతుంది. అది జబ్బు కాదు. చేతికి స్మార్ట్‌వాచీ కట్టుకుని, తెల్లవారుజామున మూడింటికి గుండె 42 సార్లు కొట్టుకుందని చూసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాళ్లకు ఆ డాక్టరు చెప్పేది 'హాయిగా పడుకోండి' అనే. రాత్రిపూట మాత్రమే లయ బాగా నెమ్మదిస్తూ, పెద్ద గురక ఉంటే ముందు ఆ గురక సంగతి చూడాలి. నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ అప్నియాకు చికిత్స చేస్తే లయ దానంతటదే కుదురుకునే అవకాశం ఉంది.

అసలు సూత్రం ఇక్కడుంది. సైనస్ నోడ్ నెమ్మదించినవాళ్లకు ఇంత కన్నా తగ్గితే పేస్‌మేకర్ పెట్టాలి అన్న అంకె ఏదీ లేదు. నాడి తగ్గడం, మనిషికి ఇబ్బంది కలగడం... రెండూ ఒకే సమయంలో జరుగుతున్నాయని తేలాలి. ఇబ్బందే లేకపోతే సాధారణంగా పేస్‌మేకర్ అవసరం లేదు. తూము పూడుకుపోయిన రకంలో లెక్క వేరు. పూర్తి బ్లాక్ గానీ, మోబిట్జ్ టూ అనే రకం గానీ ఉండి, అది సరిచేయగలిగే కారణం వల్ల వచ్చింది కాదని తేలితే మనిషి నిక్షేపంగా తిరుగుతున్నా పేస్‌మేకర్ పెట్టించుకోమనే అంటారు. ఎందుకంటే అక్కడ భయం నీరసం గురించి కాదు, ఆ జనరేటర్ గురించి. ఇక ఈసీజీ మీద 'ఫస్ట్ డిగ్రీ బ్లాక్' అని కనిపిస్తే చాలామందికి ఏమీ చేయనక్కర్లేదు, అప్పుడప్పుడు చూపించుకుంటే చాలు. ఒకే 'బ్లాక్' అన్న మాటకు ఇన్ని అర్థాలు. ఏ రకమో తెలుసుకోకుండా 'పెట్టించేద్దాం' అనడమూ తొందరపాటే, 'ఇప్పుడెందుకులే' అనడమూ తొందరపాటే.

కంటి చుక్కల సీసా

పేస్‌మేకర్ మాట రాగానే ముందు చూడాల్సింది మందుల డబ్బా. బీపీకి వాడే అటెనొలాల్, మెటోప్రొలాల్, డిల్టియాజెమ్, వెరపమిల్... ఇవన్నీ నాడిని తగ్గిస్తాయి. గుండెకిచ్చే డిగాక్సిన్ కూడా. మతిమరుపు జబ్బుకిచ్చే డోనెపెజిల్‌తోనూ కొందరిలో నెమ్మదిస్తుంది. అన్నిటికన్నా తేలిగ్గా తప్పించుకుపోయేది గ్లకోమాకు వాడే టిమొలాల్ కంటి చుక్కలు. కంట్లో వేసిన మందు గుండెదాకా వెళ్తుందని ఎవరనుకుంటారు? కానీ వెళ్తుంది. గుండె డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు బీపీ ఫైలు, షుగరు ఫైలు పట్టుకెళ్తారు, కంటి చుక్కల సీసా ఫ్రిజ్ మీదే ఉండిపోతుంది. దాన్ని కూడా సంచీలో వేసుకోండి. అయితే అనుమానం వచ్చింది కదా అని సొంతంగా ఏ మందూ ఆపొద్దు. నాడిని తగ్గించే మాత్రల్ని ఉన్నట్టుండి మానేస్తే కొందరిలో గుండెపోటు దాకా పోతుంది.

థైరాయిడ్ బాగా తగ్గినా గుండె నెమ్మదిస్తుంది. కిడ్నీలు పాడైనవాళ్లలో పొటాషియం పెరిగినా అంతే. అప్పుడే వచ్చిన గుండెపోటు వల్ల కలిగిన బ్లాక్ కొన్ని రోజుల్లో దానంతటదే సర్దుకునే సందర్భాలూ ఉన్నాయి. అందాకా తాత్కాలిక పేస్‌మేకర్‌తో గట్టెక్కిస్తారు. ఇవన్నీ తోసేశాకే శాశ్వతంగా పెట్టే మాట.

మరి లయ తప్పిన క్షణాన్ని పట్టుకోవడం ఎలా? ఈసీజీ చూసేది పది సెకన్లే. దొంగ సరిగ్గా ఆ పది సెకన్లలోనే రావాలని ఎక్కడుంది! అందుకే హోల్టర్. 1940ల్లో నార్మన్ హోల్టర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త గుండె సంకేతాల్ని దూరం నుంచి నమోదు చేసే పరికరం తయారుచేసినప్పుడు దాని బరువు ముప్ఫై కిలోలకు పైనే. వీపుకు కట్టుకుని తిరగాలి. ఇప్పుడు చొక్కా కింద పట్టేస్తుంది. ఇరవైనాలుగు గంటలో, అవసరమైతే వారం రెండు వారాలో ఉంచుతారు. దాంతోపాటు ఓ చిన్న డైరీ ఇస్తారు. చాలామంది దాన్ని ఖాళీగా తిరిగిచ్చేస్తారు, లేదంటే 'బాగానే ఉంది' అని ఒక్క ముక్క రాస్తారు. అక్కడే పరీక్ష డబ్బులు సగం వృథా. 'ఉదయం 11.20, కూరలు తరుగుతుంటే కళ్లు బైర్లు కమ్మాయి' అని రాస్తే, డాక్టరు సరిగ్గా 11.20 దగ్గర గీత చూస్తారు. అక్కడ గుండె నాలుగు సెకన్లు ఆగి ఉంటే సమాధానం దొరికినట్టే. అక్కడ లయ చక్కగా ఉంటే... అదీ సమాధానమే! కళ్లు తిరగడానికి కారణం ఇంకెక్కడో ఉందన్నమాట, పేస్‌మేకర్ పెట్టినా తగ్గదన్నమాట. నెలకో రెణ్నెల్లకో ఒకసారి పడిపోయేవాళ్లకు చర్మం కింద చిన్న లూప్ రికార్డర్ పెట్టి ఏళ్ల తరబడి కనిపెట్టే వీలూ ఉంది. ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. కూర్చున్నప్పుడు 58 ఉన్న నాడి నడిస్తే నూరుకు పైగా పోవాలి. కొందరికి డెబ్భై దాటదు. పార్కులో నాలుగు రౌండ్లు రెండైపోవడం వెనక ఉన్నది అదే కావచ్చు.

ఈ పరీక్షలన్నీ అయ్యేలోపు పడిపోయే మనిషి స్కూటరు తీయకూడదు, నిచ్చెనెక్కకూడదు, బావి గట్టున కూర్చోకూడదు. బాత్రూం తలుపు దగ్గరగా వేసుకోవాలి, లోపల గడియ పెట్టుకోకూడదు. అభిమానం అడ్డొస్తుంది నిజమే. ఎముక విరిగితే అంతకన్నా కష్టం.

పాలిష్ డబ్బాలో పుట్టిన పరికరం

1958లో స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అనే నలభై మూడేళ్ల ఇంజినీరుకు పూర్తి హార్ట్ బ్లాక్ ఉండేది. రోజుకు ఇరవై ముప్ఫై సార్లు స్పృహ తప్పేది. ఆయన భార్య ఎల్స్-మారీ ఊరుకోలేదు. స్టాక్‌హోమ్‌లో సర్జన్ ఓకె సెన్నింగ్, ఇంజినీరు రూనె ఎల్మ్‌క్విస్ట్ జంతువుల మీద ప్రయోగాలు చేస్తున్నారని తెలిసి వాళ్ల వెంటపడింది. మనిషికి పెట్టగలిగే పరికరం ఇంకా తయారుకాలేదంటే, తయారుచేయమంది. ఎల్మ్‌క్విస్ట్ బూటు పాలిష్ డబ్బాను అచ్చుగా వాడి, విడిభాగాల చుట్టూ రెసిన్ పోసి రెండు పరికరాలు చేశాడు. 1958 అక్టోబరు 8న సెన్నింగ్ ఆపరేషన్ చేశాడు. పూర్తిగా శరీరం లోపలే ఉండే పేస్‌మేకర్ ప్రపంచంలో అదే మొదటిది. కొద్ది గంటల్లోనే ఆగిపోయింది! రెండోది పెట్టారు. అదీ ఎక్కువకాలం నిలవలేదు. అక్కణ్నుంచి మొదలుపెట్టి లార్సన్ జీవితంలో మొత్తం 26 పేస్‌మేకర్లు మారాయి. ఆయన 2001లో, 86వ ఏట కన్నుమూశాడు, అదీ గుండెజబ్బుతో కాదు, క్యాన్సర్‌తో. ఆయనకు పరికరం చేసిన ఇంజినీరూ, పెట్టిన సర్జనూ ఆయనకన్నా ముందే వెళ్లిపోయారు.

ఇప్పటి పేస్‌మేకర్ అగ్గిపెట్టె కన్నా పలచన. బరువు పాతిక గ్రాములు, అటూ ఇటూ. బ్యాటరీ మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండేళ్లు వస్తుంది. ఛాతీ తెరవనక్కర్లేదు. మత్తు కూడా ఆ చోటుకు మాత్రమే. కాలరు ఎముక కింద చిన్న గాటు పెట్టి, సిరలోంచి సన్నటి తీగను గుండెలోకి పంపి, పరికరాన్ని చర్మం కింద అమరుస్తారు. గంట, గంటన్నర పని. చాలామంది అనుకున్నట్టు అది ప్రతి దెబ్బనూ తానే కొట్టించదు. గుండెను వింటూ ఉంటుంది. గుండె తన పని తాను చేసుకుంటే కల్పించుకోదు. ఆలస్యమైతే మాత్రం చిన్న సంకేతం ఇస్తుంది. షాక్ కొట్టినట్టు ఉండదు, తెలియను కూడా తెలియదు. షాకిచ్చేది వేరే పరికరం, దాన్ని ఐసీడీ అంటారు. అది ప్రాణాంతకంగా వేగం పెరిగే జబ్బుకు.

ఇక పేస్‌మేకర్ చేయలేనివి. అది గుండెపోటును ఆపదు. బీపీని తగ్గించదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే అస్తవ్యస్త లయ ఉన్నవాళ్లలో దాన్ని నయం చేయదు, దానివల్ల వచ్చే పక్షవాతాన్నీ ఆపదు. రక్తం గడ్డకట్టకుండా వాడే మాత్రలు వాడుతూనే ఉండాలి. ఆ జబ్బులోనే కొందరికి గుండె ఒకసారి పరుగెడుతుంది, ఇంకోసారి నిలబడిపోతుంది. పరుగు ఆపడానికి మందిస్తే నిలబడిపోవడం ఎక్కువవుతుంది. అలాంటప్పుడు పేస్‌మేకర్ పెట్టి, ఆ ధైర్యంతో మందులిస్తారు. 'మిషన్ పెట్టాక కూడా మాత్రలేంటి' అని అలిగేవాళ్లకు చెప్పాల్సింది ఇదే.

కష్టాలూ లేకపోలేదు. నూటికి ఒకరికి, అటూ ఇటూ, ఇన్ఫెక్షన్ వస్తుంది. వస్తే మొత్తం తీసేసి మళ్లీ పెట్టాల్సి రావచ్చు. తీగ జారొచ్చు. కుడి కింది గదిలోంచే ఏళ్ల తరబడి కొట్టిస్తే కొందరిలో గుండె బలహీనపడుతుంది. అందుకే గుండె సహజమైన వైరింగ్‌నే ఉపయోగించుకునేలా తీగను అమర్చే పద్ధతి ఈ మధ్య ఏళ్లలో బాగా వ్యాప్తిలోకి వచ్చింది. అసలు తీగే లేకుండా, నేరుగా గుండె గదిలోనే కూర్చునే క్యాప్సూల్ లాంటి పేస్‌మేకర్‌కు అమెరికాలో 2016లో అనుమతి దొరికింది. దాని ఖరీదు ఎక్కువ, అందరికీ సరిపోదు కూడా. డెబ్భై అయిదేళ్లాయనకు ఒకటో రెండో బ్యాటరీలతో గడిచిపోతుంది. ముప్ఫై అయిదేళ్ల అమ్మాయికైతే జీవితంలో ఎన్నిసార్లు మార్చాలో, పాత తీగల్ని ఏం చేయాలో ముందే ఆలోచించాలి. అందుకే చిన్నవయసువాళ్ల విషయంలో రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం తప్పేమీ కాదు. పెద్దవాళ్ల విషయంలో 'ఈ వయసులో ఎందుకులే' అనడమే తప్పు. పేస్‌మేకర్లు ఎక్కువగా పెడుతున్నదే ఆ వయసువాళ్లకు.

డబ్బు సంగతి... 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ చికిత్సల్లో పేస్‌మేకర్ అమర్చడమూ ఉంది. తెలంగాణలో ఆ పథకం రాజీవ్ ఆరోగ్యశ్రీగా, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. ఒక తీగదా, రెండు తీగలదా, ఎమ్మారై తీయించుకోవడానికి వీలైనదా అన్నదాన్నిబట్టి ధర మారుతుంది. ప్యాకేజీలో ఏది వస్తుందో, తనకు ఏది ఎందుకు కావాలో అడిగి తెలుసుకునే హక్కు రోగికి ఉంది. ఖరీదైనదే మంచిదని లేదు.

ఇంటికొచ్చాక

నాలుగైదు వారాలు ఆ చేతిని భుజం ఎత్తు దాటి ఎత్తొద్దంటారు. దాన్ని పట్టుకుని కొందరు చెయ్యి అసలు కదపకుండా ఒంటికి కట్టేసుకుని భుజం బిగుసుకుపోయేలా చేసుకుంటారు. అన్నం కలుపుకోవచ్చు, బొత్తాలు పెట్టుకోవచ్చు. బట్టలు దండెం మీద ఆరేయడమే కొన్నాళ్లు ఇంకొకరు చూసుకోవాలి. సెల్‌ఫోన్ ఆ వైపు చొక్కా జేబులో పెట్టుకోవద్దు, పరికరానికి ఆరంగుళాల దూరం చాలు. మిక్సీ, టీవీ, మైక్రోవేవ్... దేనితోనూ ఇబ్బంది లేదు. ఇండక్షన్ స్టవ్‌కు మాత్రం రెండడుగుల దూరం పాటించమంటారు. వంట చేసేది తనే అయితే గ్యాసుకు మారడం తేలిక. వెల్డింగ్ పనిచేసేవాళ్లు డాక్టరుతో ప్రత్యేకంగా మాట్లాడుకోవాలి. మోకాళ్ల నొప్పులకు ఫిజియోథెరపీకి వెళ్తే, షార్ట్‌వేవ్ డయాథర్మీ పెట్టకముందే ఛాతీలో పేస్‌మేకర్ ఉందని చెప్పాలి. అది ప్రమాదం. అలిపిరి తనిఖీ దగ్గరో, విమానాశ్రయంలోనో కార్డు చూపిస్తే సరిపోతుంది. మెటల్ డిటెక్టర్ ద్వారంలోంచి ఆగకుండా నడిచి వెళ్లొచ్చు. చేతి మిషన్‌ను మాత్రం పరికరం మీద ఆనించి ఉంచొద్దని చెప్పాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు చెకింగ్ తప్పదు. బ్యాటరీ అయిపోయే సూచన నెలల ముందే తెలిసిపోతుంది కాబట్టి హఠాత్తుగా ఆగిపోతుందన్న భయం అక్కర్లేదు.

పెద్దవాళ్లలో పైకి చెప్పని భయం ఇంకోటి ఉంది. 'ఇది పెట్టించుకుంటే ప్రాణం పోవాల్సిన రోజున పోకుండా కొట్టుమిట్టాడతానేమో' అని. అలా జరగదు. శరీరం చివరి దశకు వచ్చాక గుండె కండరం సంకేతానికి స్పందించదు. పేస్‌మేకర్ సంకేతం పంపుతూనే ఉన్నా గుండె ఆగిపోతుంది. ఈ ఒక్క మాట డాక్టరు నోటి నుంచి విని, అంతవరకు మొండికేసిన మనిషి సంతకం పెట్టేయొచ్చు. అడగడానికి మొహమాటపడతారు గనక పక్కనున్నవాళ్లే అడగాలి.

ఆ రోజు వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లకు తెలియాల్సిందీ ఒకటుంది. దహనానికి ముందు పేస్‌మేకర్ తీయించేయాలి. లోపలి బ్యాటరీ మంటకు పేలుతుంది. కట్టెల చితి అయినా, కరెంటు శ్మశానవాటిక అయినా అంతే. ఆసుపత్రిలో పోతే అక్కడే చెప్పాలి, ఇంట్లో పోతే డాక్టర్ని పిలిపించాలి. చిన్న గాటుతో అయిపోయే పని. దుఃఖంలో ఎవరికీ గుర్తుండదు కాబట్టి పరికరం కార్డు వెనకే ఆ మాట రాసి పెట్టుకోవడం మేలు. తీసిన పరికరం చెత్తబుట్టకే పోనక్కర్లేదు కూడా. అమెరికాలో అలా తీసినవాటిని సేకరించి, శుభ్రపరిచి, ముంబైలోని ఒక ఆసుపత్రిలో 53 మంది పేదలకు అమర్చిన అనుభవం 2011లో వైద్యపత్రికకెక్కింది. కెనడా నుంచి సేకరించినవాటిని మెక్సికో, గ్వాటెమాలా వంటి దేశాల్లో వెయ్యిమందికి పైగా రోగులకు పెట్టి, రెండేళ్లపాటు చూసి, కొత్తవాటితో పోలిస్తే ఇన్ఫెక్షన్లు చెప్పుకోదగ్గంత ఎక్కువేమీ లేవని 2020లో ఇంకో అధ్యయనం తేల్చింది.